సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొనడం: బరంపురం నుంచి జయపురం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఏ ఊరి నుంచి అడిగినా ప్రశ్నలు దాదాపు అవే. మనకు మంచి స్కానరు (బండి కంప్యూటర్లోని లోపాలు చదివే పరికరం) ఉన్న గ్యారేజీ కావాలంటే చాలాసార్లు విశాఖకో భువనేశ్వర్‌కో పోవాలి. రేస్ ట్రాక్ కావాలంటే చెన్నై దాకా పోవాలి. పెద్ద నగరంలో ఉన్నవాళ్ళకు చెప్పే సలహా మనకు సగమే పనికొస్తుంది. అందుకే ఇక్కడి దూరాలు, ఉప్పు గాలి, వరదలు, రెండు రాష్ట్రాల కాగితాలు లెక్కలోకి తీసుకుని ఈ జవాబులు రాశాం. ఏ ప్రశ్న మీదైతే దాని దగ్గరికే నేరుగా వెళ్ళొచ్చు.

## కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడు

స్పోర్ట్స్ కారంటే రెండు డోర్లదే అయ్యుండాలా? నా చేతిలో నాలుగైదు లక్షలే ఉన్నాయి.

అక్కర్లేదు. మన దేశంలో ఔత్సాహిక రేసులు మొదట్నుంచీ మామూలు కార్ల మీదే బతికాయి. రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ 1980ల చివర్లో కోయంబత్తూరులో మారుతి 800 ఇంజనుతోనే ఫార్ములా మారుతి అనే రేసు కారు కట్టారు. తర్వాత ట్రాకుల మీద తిరిగినవి ఎస్టీమ్‌లు, హోండా సిటీ వీటెక్‌లు, స్విఫ్ట్‌లు, పోలోలు. మీరు చూడాల్సినవి మూడే: బరువు టన్నుకు అటూ ఇటూగా ఉండాలి, గేర్లు మాన్యువల్ అయ్యుండాలి, విడిభాగాలు మీ జిల్లాలో దొరకాలి. తేలిక బండికి టైర్లు, బ్రేకు ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి. అంటే అదే డబ్బుతో ఎక్కువ రోజులు నడుపుతారు.

ఏ మోడల్ కొనమంటారు? సూటిగా చెప్పండి.

మొదటి బండి అయితే 2005 నుంచి 2010 దాకా వచ్చిన 1.3 పెట్రోల్ స్విఫ్ట్. 87 హార్స్‌పవరే, కానీ ఎస్టీమ్, జిప్సీలతో ఒకే కుటుంబపు ఇంజను కాబట్టి విప్పి బిగించగల మేస్త్రి రాయగడలోనూ దొరుకుతాడు. దీనికి టైమింగ్ బెల్టు ఉంటుంది, అదొక్కటి గుర్తుంచుకోవాలి.

కొంచెం ఎక్కువ పెట్టగలిగితే బలెనో ఆర్ఎస్. 2017–2020 మధ్య అమ్మారు. 998 సీసీ టర్బో, దాదాపు 102 హార్స్‌పవర్, బరువు 950 కిలోలు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. బాడీ, సస్పెన్షన్ భాగాలు చాలావరకు మామూలు బలెనోవే. ఆ ఇంజను కుటుంబం 2023లో ఫ్రాంక్స్‌లో తిరిగొచ్చింది కాబట్టి టర్బో భాగాల బెంగ కూడా కొంత తగ్గింది.

హోండా సిటీ 1.5 వీటెక్ (2000–2003) నడిపితే వదలబుద్ధి కాదు. 106 హార్స్‌పవర్, ఇంజను పైకి వెళ్ళే కొద్దీ ఊపిరి పీల్చుకుంటుంది. అయితే 20 ఏళ్ళు దాటిన బండి. రబ్బరు ప్రతిదీ ఎండిపోయి ఉంటుంది. రెండో బండిగా తీసుకోండి.

పోలో కావాలంటే 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ మాన్యువల్ చూడండి, 110 హార్స్‌పవర్. 2013 నుంచి వచ్చిన 1.2 జీటీ టీఎస్ఐలో డీఎస్‌జీ అనే ఏడు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటుంది. దాని మరమ్మతు ఖర్చు భరించగలిగితేనే. ఫియెస్టా 1.6 స్టీరింగు ఇప్పటికీ గొప్పదే, కానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఫియట్ వాళ్ళ 145 హార్స్‌పవర్ అబార్త్ పుంటో అందమైన బండి. ఫియట్ మన మార్కెట్ వదిలేసింది కాబట్టి ఒక్క సెన్సార్ కోసం నెల రోజులు బండి షెడ్లో నిలబడినా ఓర్చుకోగలవాళ్ళకే అది.

పాత బీఎండబ్ల్యూ, ఆడి కూడా ఇప్పుడు కొత్త స్విఫ్ట్ ధరకే వస్తున్నాయి కదా?

బండి ధర పడిపోయింది, దాని విడిభాగాల ధర పడిపోలేదు. ముప్పై లక్షలకు పైగా పలికిన కారు పదేళ్ళకు ఎనిమిది లక్షలకు వచ్చినా, దాని బ్రేకు డిస్కు ముప్పై లక్షల కారు డిస్కే. పైగా బరువు టన్నున్నర దాటుతుంది. ట్రాక్ మీద ఒక్క రోజులో ముందు ప్యాడ్లు సగం పోతాయి. కోరాపుట్‌లో వార్నింగ్ లైటు వెలిగితే బండిని లారీ మీద ఎక్కించి విశాఖ పంపాలి. సర్వీసు పుస్తకం పూర్తిగా ఉండి, ఏటా లక్షన్నర పక్కన పెట్టగలిగితే తప్ప వద్దు.

ఆటోమేటిక్‌తో రేసింగ్ అవుతుందా?

అవుతుంది, కానీ నేర్చుకోవడానికి మాన్యువలే మేలు. 1.2 పోలో జీటీలోని డీఎస్‌జీ పొడి క్లచ్‌లది. ట్రాఫిక్‌లో పాకుతూ, ఘాట్ మీద ఆగుతూ కదులుతూ ఉంటే క్లచ్‌లు వేడెక్కుతాయి. మెకట్రానిక్ అనే నియంత్రణ పెట్టె పాడైతే లక్ష రూపాయల పైమాటే. చూసేటప్పుడు ఒకటి నుంచి రెండో గేరుకు మారుతుంటే వణుకు వస్తోందా, డీ నుంచి ఆర్‌కి వేస్తే పట్టడానికి ఆలస్యమవుతోందా, మీటర్లో గేరు గుర్తు మిణుకుతోందా గమనించండి. ఏ ఒక్కటి ఉన్నా బేరం ఆపేయండి.

ఉన్న డబ్బంతా బండి మీదే పెట్టేయొచ్చా?

వద్దు. అయిదు లక్షలుంటే మూడున్నర లక్షల బండి చూడండి. మిగతాది బదిలీ ఖర్చులకు, ఇన్సూరెన్స్‌కు, మొదటి సర్వీసుకు, టైర్లకు, హెల్మెట్‌కు, మొదటి ట్రాక్ ప్రయాణానికి కావాలి. అంతా బండి మీద పెట్టినవాళ్ళు పాత టైర్లతోనే ట్రాక్‌కి వెళ్తారు. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

## వెతికేటప్పుడు, చూసేటప్పుడు

విశాఖలో కొంటే మంచిదా, భువనేశ్వర్‌లోనా?

కాగితాల దృష్టితో ఒడిశా బండి సులువు. పేరు మార్పిడితో పని అయిపోతుంది. ఆంధ్రా బండికి ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఓ ఇచ్చే నిరభ్యంతర పత్రం), కొత్త నంబరు, ఒడిశా పన్ను కలుస్తాయి. కాబట్టి విశాఖలో పాతిక ముప్పై వేలు తక్కువకు వచ్చిందని సంబరపడకండి. ముందు మీ ఆర్టీఓ దగ్గర ఆ మోడల్‌కి, ఆ వయసుకి ఎంత పన్ను పడుతుందో కనుక్కుని ధరకు కలపండి. కోరాపుట్, రాయగడ వైపు తిరిగిన బండ్లకు తుప్పు తక్కువ, కానీ ఎర్రమట్టి దుమ్ము తిన్న ఎయిర్ ఫిల్టరు, ఘాట్ల మీద అరిగిన క్లచ్, బ్రేకులు ఉంటాయి. ఫిల్టరు పెట్టె తెరిచి, ఫిల్టరు దాటాక ఇంజను వైపు గొట్టంలో వేలు పెట్టి చూడండి. వేలికి ఎర్రదుమ్ము అంటితే అది సిలిండర్లలోకీ పోయింది.

వరదలో మునిగిన బండని ఎలా కనిపెట్టాలి?

ఈ ప్రాంతంలో కొనేవాళ్ళు ముందుగా చూడాల్సింది ఇదే. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు గజపతి, రాయగడ జిల్లాల్లో వంశధార పొంగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీళ్ళలో నిలిచాయి. అలాంటి బండ్లు శుభ్రమై, సెంటు కొట్టుకుని, వేరే జిల్లాకో వేరే రాష్ట్రానికో అమ్మకానికి వస్తాయి.

నాలుగు సీటు బెల్టుల్నీ చివరిదాకా లాగండి. పైభాగం కడుగుతారు గానీ చుట్ట లోపలి చివరి అరమీటరు ఎవరూ కడగరు. అక్కడ బురద గీత మిగిలిపోతుంది. సీటు పట్టాల బోల్టులు చూడండి. లోపల ఉండే బోల్టుకు బాగా తుప్పు పట్టిందంటే లోపలికి నీళ్ళు వచ్చాయని అనుమానించాలి. డ్రైవరు కాళ్ళ దగ్గర కార్పెట్ ఎత్తి కింది స్పాంజిని పిండండి. స్టెప్నీ గుంట మూలల్లో సన్నని ఒండ్రు ఉందేమో చూడండి. డాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె వెనక వైరింగు కనెక్టర్లలో పచ్చని చిలుము కనిపిస్తే ఇక చూడనక్కర్లేదు. పదేళ్ళ బండిలో కార్పెట్, సీటు కవర్లు మాత్రం కొత్తగా ఉంటే ఎందుకు మార్చారో అడగండి.

మునిగిన బండి ఇవాళ నడుస్తుంది. ఆరు నెలలకు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, పవర్ స్టీరింగు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ట్రాక్‌కి అలాంటి బండి ఎంత చవకైనా వద్దు.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు బండ్లకు తుప్పు ఎక్కువంటారు. ఎక్కడెక్కడ చూడాలి?

బానెట్ ఎత్తి ముందు షాకబ్జర్లు పైన బిగిసే గిన్నెల అంచులు, జాకీ పెట్టే చోట్లు, డోర్ల కింది పట్టీ, వెనక యాక్సిల్ బిగిసే బ్రాకెట్లు, ఇంధన, బ్రేకు పైపులు. స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గట్టి రేకు గణగణమంటుంది, లోపల తిన్నది మొద్దుగా పలుకుతుంది. పైపైన నల్లని అండర్‌కోట్ కొత్తగా కొట్టి ఉంటే కింద ఏముందో తెలిసేదాకా డబ్బివ్వకండి. డోర్ అంచు తుప్పు బేరానికి పనికొస్తుంది. షాకబ్జరు గిన్నె దగ్గర తుప్పు ఉంటే వదిలేయండి. రేసులో మొత్తం బలం పడేది అక్కడే.

మీటరు వెనక్కి తిప్పారేమోనని భయం.

మీటరును కాదు, బండిని నమ్మండి. 40 వేలు తిరిగిన బండి బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉండదు, డ్రైవరు సీటు బయటి అంచు చితికి ఉండదు. కంపెనీ సర్వీసు సెంటర్లో చాసిస్ నంబరు మీద ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు నమోదవుతాయి. ఆ చరిత్ర అమ్మేవాళ్ళనే తెప్పించమనండి. పొల్యూషన్ సర్టిఫికెట్లు, పాత ఇన్సూరెన్స్ తనిఖీ ఫొటోలు కూడా ఆధారాలే. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. 2021 బండికి 2024 టైర్లు ఉండి మీటరు 22 వేలు చూపిస్తే లెక్క కుదరదు.

యాక్సిడెంట్ అయిన బండిని పెయింటు చూసి పట్టుకోవచ్చా?

పెయింటు మందం కొలిచే చిన్న మీటరు ఉంటే చాలావరకు పట్టుకోవచ్చు. కంపెనీ పెయింటు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు. 200, 300 వస్తే మళ్ళీ పెయింటు వేశారు. 500 దాటితే లోపల పుట్టీ ఉంది. డోరు, ఫెండరు మార్చినంత మాత్రాన బండి చెడ్డది కాదు. పైకప్పు స్తంభాలు, ముందు చాసిస్ పట్టాలు, బూటు నేల వంగి సరిచేసినవైతే అలైన్‌మెంట్ నిలవదు. ఇగ్నిషన్ వేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొన్ని క్షణాలకు ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారని అనుమానించండి.

ఇదివరకు రేసులో వాడిన బండి చవగ్గా వస్తోంది. కొనచ్చా?

దాచకుండా చెప్పి అమ్ముతుంటే, ఏ భాగం ఎప్పుడు మార్చారో రాసిన పుస్తకం ఉంటే, ఖాళీగా నిలబడ్డ బండి కన్నా అదే మంచిది కావచ్చు. దాచి అమ్మేదే ప్రమాదం. నేల రేకు మీద రోల్‌కేజ్ (బండి బోల్తా పడినా నలగకుండా లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం) పలకలు వెల్డింగ్ చేసి తీసిన మచ్చలు, బెల్టు కొక్కేల రంధ్రాలు, బూటులో కంకర దెబ్బలు, ఇంజను కింద రేకుకు లోతైన గీతలు చూడండి. ర్యాలీ బండికైతే షాకబ్జర్ల గిన్నెలు పైకి ఉబ్బి, రెండు వైపుల మధ్య దూరం తేడా వస్తుంది, టేపుతో కొలవండి.

మా ఊరి మేస్త్రికి చూపిస్తే సరిపోతుందా? ఏమేం చేయమనాలి?

మంచి మేస్త్రి చాలు. కానీ చెవితో విని తల ఊపితే చాలదు, కొలవమనండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు అన్ని ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, సిలిండరుకు అయిదారు సార్లు క్రాంక్ చేసి కంప్రెషన్ చూడాలి. టర్బో లేని పెట్రోలు ఇంజన్లలో సాధారణంగా 150 నుంచి 190 పీఎస్ఐ వస్తుంది. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 10 శాతం దాటకూడదు. ఒకదానిలో తక్కువ వస్తే చెంచాడు ఇంజను ఆయిల్ పోసి మళ్ళీ చూడమనండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్.

తర్వాత స్కానరు. లోపాల కోడ్లు అప్పుడే చెరిపేసి తెచ్చారేమో కూడా అది చూపిస్తుంది. స్వయంపరీక్షలు 'పూర్తి కాలేదు' అని వరుసగా కనిపిస్తే నిన్నో మొన్నో చెరిపారు. టర్బో బండికి ఇన్‌టేక్ గొట్టం తీసి టర్బో ఇరుసును వేళ్ళతో కదపమనండి. పక్కకు వెంట్రుకవాసి ఆట మామూలే, ముందుకూ వెనక్కూ అస్సలు కదలకూడదు.

నడిపి చూసేటప్పుడు ఏం గమనించాలి?

వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగండి, ఎందుకంటే చెయిన్ గలగల, నీలం పొగ చల్లని ఇంజను స్టార్ట్ చేసినప్పుడే బయటపడతాయి. మూడో గేరులో 2000 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఆర్పీఎం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. మూడు నుంచి రెండుకు వేసేటప్పుడు గరగర వస్తే గేర్లను సాఫీగా కలిపే సింక్రో పోయింది. పల్లంలో గేరు మీద వదిలి మళ్ళీ తొక్కినప్పుడు వెనక నీలం పొగ వస్తే వాల్వు సీళ్ళో టర్బో సీలో. తియ్యని వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్. ఖాళీ చోట స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలితే టకటక వినిపిస్తే యాక్సిల్ జాయింట్.

## బేరం, కాగితాలు

ఆంధ్రా బండిని ఒడిశా నంబరుకు మార్చాలంటే వరుసగా ఏం చేయాలి?

అమ్మేవాళ్ళకు లోను ఉంటే ముందు బ్యాంకు లెటరు, ఫారం 35తో ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించాలి. చలాన్లన్నీ కట్టేయాలి. ఆ తర్వాత అసలు ఆర్టీఓలో ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకోవాలి. ఫారం 29, 30 మీద అమ్మేవాళ్ళ సంతకాలు డబ్బిచ్చేటప్పుడే చేయించుకోండి. తర్వాత ఇచ్ఛాపురం దాటి రావడం ఎవరికీ కుదరదు. మీ ఆర్టీఓలో ఫారం 27తో కొత్త నంబరుకు దరఖాస్తు చేసి, ఒడిశా పన్ను కట్టి, బండిని తనిఖీకి చూపించాలి. గంజాంకు ఓడీ-07, గజపతికి ఓడీ-20, రాయగడకు ఓడీ-18, కోరాపుట్‌కు ఓడీ-10 వస్తాయి. మిగిలిన కాలానికి ఆంధ్రాలో కట్టిన పన్ను వాపసు కోసం అక్కడ వేరే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆంధ్రా నంబరుతోనే తిరిగేస్తే ఏమవుతుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే నంబరు మార్చాలి. యజమాని పేరు మార్పిడి అంతకన్నా తొందరది. కొన్నవాళ్ళు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. పేరు మారనంత కాలం ఏదైనా జరిగితే నోటీసులు అమ్మినవాళ్ళకు వెళ్తాయి, క్లెయిము మీకు రాదు.

ఇన్సూరెన్స్ బండితో పాటే వచ్చేస్తుందా? రేసులో దెబ్బ తగిలితే ఇస్తారా?

థర్డ్ పార్టీ భాగం బండితో వస్తుంది. మీ బండికి జరిగే నష్టం భాగం మీ పేరు మీదికి రావాలంటే 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ మాత్రం అమ్మినవాళ్ళదే, మీకు రాదు. ఆ తేడా కట్టాలి. రేసులు, స్పీడ్ టెస్టింగ్ మన మోటారు పాలసీల్లో మినహాయింపులుగా రాసే ఉంటాయి. ట్రాక్ మీద గోడకు కొడితే ఖర్చు మొత్తం మీదే. పూర్తిగా పోయినా తట్టుకోగలిగినంత ధర బండితోనే రేసుకు దిగండి.

పాత హోండా సిటీకి రిజిస్ట్రేషన్ అయిపోయిందట. తీసుకోవచ్చా?

సొంత కారుకు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్ళు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన కార్లకు ఆ ఫీజును 2025లో 10,000 రూపాయలకు పెంచారు. పొడిగింపు చేయించి అమ్మమనండి. 'తర్వాత అయిపోతుందిలెండి' అన్న మాట మీద కొనకండి.

సైలెన్సర్ మార్చడం, లోయరింగ్ స్ప్రింగులు, రోల్‌కేజ్... రోడ్డు మీద తిరిగే బండికి చేయించొచ్చా?

సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల దాకా జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు ఉంది. రోల్‌కేజ్ విషయంలో చట్టం కన్నా పెద్ద కారణం ఉంది. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపేటప్పుడు చిన్న ప్రమాదంలోనూ తల ఆ ఇనుప గొట్టానికే కొట్టుకుంటుంది. కేజ్ కావాలంటే ఆ బండిని రేసుకే కేటాయించి, లారీ మీద తీసుకెళ్ళాలి.

## చేతికొచ్చాక మొదటి నెల

కొన్న వెంటనే ఏవేవి మార్చాలి?

అమ్మినవాళ్ళు ఏం చెప్పినా సరే, బిల్లు లేనిదేదీ జరగనట్టే లెక్క. ఇంజను ఆయిల్, ఫిల్టరు. గేరు ఆయిల్. కూలెంట్ పూర్తిగా వదిలి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం కలిపి పోయాలి. బోరు నీళ్ళు పోస్తే రేడియేటరు లోపల సున్నం కడుతుంది. బ్రేకు ఫ్లూయిడ్. ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు. టైమింగ్ బెల్టు ఉన్న బండి అయితే బెల్టు, టెన్షనరు, వాటర్ పంపు మూడూ ఒకేసారి. బెల్టు మాత్రమే మార్చి పాత టెన్షనరు ఉంచితే అది పట్టేసి కొత్త బెల్టునే తెంపుతుంది. అప్పుడు వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే పోవచ్చు.

బ్రేకు ఫ్లూయిడ్ మీద ఎందుకంత పట్టుబడతారు?

అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, మన తీరంలో తేమకు కొదవ లేదు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ట్రాక్ మీద నాలుగైదు లాపుల్లో (చుట్లలో) ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ ఆ వేడికి చేరుతుంది. ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ నేలకు అంటుకుంటుంది. ట్రాక్‌కి వెళ్ళే వారం ముందు కొత్త సీలు విప్పిన డబ్బాతో నాలుగు చక్రాలకూ బ్లీడ్ చేయించండి, అంటే పాత ఫ్లూయిడ్‌నూ గాలినీ బయటికి తీయించండి. ఒక లీటరు సరిపోతుంది. డాట్ 5.1 కలపొచ్చు. డాట్ 5 సిలికాన్‌ది, అది కలపకూడదు.

మొదట ఏ అప్‌గ్రేడ్ చేయించాలి? రీమ్యాప్ చేయిద్దామనుకుంటున్నా.

రీమ్యాప్, అంటే ఇంజను కంప్యూటరు సెట్టింగులు మార్చి బలం పెంచడం, ఆఖర్న. ముందు ఫ్లూయిడ్, తర్వాత వేడి తట్టుకునే బ్రేకు ప్యాడ్లు, తర్వాత ఒకే కంపెనీ, ఒకే మోడల్ టైర్లు నాలుగు. టైర్ల వయసు అయిదారేళ్ళు దాటితే గాడి లోతుగా ఉన్నా మార్చేయండి, రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. తర్వాత కొత్త షాకబ్జర్లు, బుష్‌లు, అలైన్‌మెంట్. ఇవన్నీ అయ్యాక ఒక ఏడాది నడిపితే ఇంజనుకు ఇంకా బలం కావాలో అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు బంకుల్లో ఈ20 పెట్రోలే వస్తోంది. పాత బండికి ఇబ్బందా?

2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్లు 20 శాతం ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పాత రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు ఉబ్బి, పగిలి కారొచ్చు. 15 ఏళ్ళు దాటిన బండికి ఇంధన గొట్టాలు, ఇంజెక్టరు ఓ-రింగులు మార్పించండి. ఇథనాల్ కూడా తేమను పీలుస్తుంది కాబట్టి వారాంతానికే తీసే బండిని వానాకాలంలో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలపకండి. పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయకండి.

## రేసుకు దిగేటప్పుడు

సుంకి ఘాట్ మీద తెల్లవారుజామున ఎవరూ ఉండరు. అక్కడ ప్రాక్టీసు చేస్తే తప్పేంటి?

ఉంటారు. దామన్‌జోడి వైపు లారీలు, సంతకు నడిచివెళ్ళేవాళ్ళు, పశువులు, శీతాకాలంలో ఎదురుగా ఏమీ కనిపించని పొగమంచు. మలుపు వెనక ఎవరున్నారో తెలియని చోట హద్దు వెతకడం ప్రాణాలతో చెలగాటం, ముఖ్యంగా మీది కాని ప్రాణాలతో. రోడ్డు మీద పందేలకు సెక్షన్ 189 కింద మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ఘాట్ మీద మామూలు వేగంతో వెళ్ళి ఆనందించండి. వేగం ట్రాక్‌కి దాచుకోండి.

మరి మనకు దగ్గర్లో ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోక్రాస్, టీఎస్‌డీ (టైమ్-స్పీడ్-డిస్టెన్స్) ర్యాలీలతో. ఆటోక్రాస్ అంటే మైదానంలో కోన్లు పెట్టి ఒక్కో కారునే వదిలి సమయం తీయడం. ఎక్కువగా రెండో గేరు దాటదు, బండికి పెద్దగా దెబ్బ తగలదు. టీఎస్‌డీలో వేగం కాదు, లెక్క ముఖ్యం. ఇచ్చిన సగటు వేగంతో సరిగ్గా సమయానికి చేరాలి. ఆలస్యమైనా, ముందే వచ్చినా మార్కులు పోతాయి. మామూలు కారు, పక్కన లెక్క వేసే స్నేహితుడు చాలు. అసలు ట్రాక్ అంటే మనకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై: 3.7 కిలోమీటర్లు, బరంపురం నుంచి వెయ్యి కిలోమీటర్ల పైమాట. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు, చిన్నదైనా కొత్తవాళ్ళకు బాగుంటుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ 5 కిలోమీటర్లు దాటుతుంది. పొడవైన తిన్నని దారిలో చిన్న బండి బ్రేకులకు కఠిన పరీక్ష.

లైసెన్సు కావాలా? హెల్మెట్ బైకుది సరిపోతుందా?

పోటీకి ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు కావాలి. దేశంలో మోటారు క్రీడలకు గుర్తింపు పొందిన సమాఖ్య అదే. పోటీ లేని ట్రాక్ డేకి నిర్వాహకుల నిబంధన ఏదైతే అది. కారు రేసు హెల్మెట్లో లోపలి బట్ట మంటకు తట్టుకుంటుంది, బైకు హెల్మెట్‌కు ఆ పరీక్ష ఉండదు. మొదటి ట్రాక్ డేకి ముఖమంతా కప్పే మంచి బైకు హెల్మెట్ ఒప్పుకునే చోట్లున్నాయి, ముందే అడగండి. నూలు బట్టలు, పలచని అడుగున్న బూట్లు వేసుకోండి. నైలాన్ వద్దు, మంటకు ఒంటికి అంటుకుంటుంది.

అదే బండిలో చెన్నై వెళ్ళి, రేసు చేసి, తిరిగి రావచ్చా?

రావచ్చు, ముందు జాగ్రత్త ఉంటే. బయల్దేరేటప్పుడు ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉండాలి, ఒక కొత్త ముందు జత వెంట ఉండాలి. లీటరు బ్రేకు ఫ్లూయిడ్, రెండు లీటర్ల ఇంజను ఆయిల్, కూలెంట్, గొట్టాల క్లిప్పులు, ఫ్యూజులు, టార్క్ రెంచి, గాలి కొలిచే గేజు, స్టాండ్లు పెట్టుకోండి. ఒకరోజు ముందే చేరి నిద్రపోండి. అలసిపోయి ట్రాక్ మీదికి వెళ్ళకండి. తిరుగు ప్రయాణానికి ఆ బండే ఆధారం కాబట్టి చివరి సెషన్ వదులుకోవడానికి ముందే మనసును సిద్ధం చేసుకోండి. బండ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ చివరి సెషన్లోనే.

టైర్లలో గాలి ఎంత పెట్టాలి?

డోరు స్టిక్కరు మీద 32 ఉంటే చల్లగా ఉన్నప్పుడు 30తో మొదలుపెట్టండి. నాలుగు లాపులకు వేడెక్కి 4 నుంచి 6 పౌండ్లు పెరుగుతుంది. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటుకి) రాగానే కొలిచి, ముందు టైర్లు వేడిలో 34–36 దగ్గర నిలిచేలా తీయండి. టైరు భుజం మీద సుద్దతో గీత గీయండి. గీత పక్కగోడ దాకా చెరిగిపోతే గాలి తక్కువైంది, భుజం పైనే మిగిలిపోతే ఎక్కువైంది. ఇంటికి బయల్దేరే ముందు టైర్లు చల్లారాక మళ్ళీ నింపడం మరవద్దు.

జెండాలు గుర్తుండవు. కనీసం ఏవి తెలియాలి?

పసుపు: ముందు ప్రమాదం, వేగం తగ్గించు, దాటొద్దు. నీలం: వెనక వేగంగా వస్తున్నారు, దారివ్వు. ఎరుపు: సెషన్ ఆగిపోయింది, నెమ్మదిగా పిట్‌లోకి రా. పసుపు ఎరుపు చారలు: దారి జారుతుంది. నలుపు: నిన్నే పిలుస్తున్నారు, లోపలికి రా.

ట్రాక్ మీద పెడల్ మెత్తబడితే ఏం చేయాలి?

రెండు మూడు సార్లు గబగబా తొక్కి ఒత్తిడి తెచ్చుకోండి, గేర్లు దించి వేగం తగ్గించండి, చెయ్యెత్తి దారి అంచున ఒక లాపు మెల్లగా తిరిగి బ్రేకులు చల్లార్చి లోపలికి రండి. ఆగాక హ్యాండ్‌బ్రేకు లాగకండి. వేడి ప్యాడ్లు డిస్కుకు అతుక్కుంటాయి. గేరులో వదిలి, చక్రం కింద రాయి పెట్టండి. మళ్ళీ దిగే ముందు బ్లీడ్ చేయాల్సిందే. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే మాత్రం మరిగింది ఫ్లూయిడ్ కాదు, ప్యాడ్లు వేడికి పట్టు వదిలాయి. దానికి మందు వేరే ప్యాడ్లు. టర్బో బండి అయితే ఆగాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి.

రేసు అయ్యాక ఇంటికి బయల్దేరే ముందు ఏం చూసుకోవాలి?

చల్లారాక ఆయిల్ మట్టం చూడండి. గట్టిగా నడిపిన రోజు అర లీటరు తాగడం వింత కాదు. కూలెంట్ మట్టం, ప్యాడ్ల మందం, టైర్ల లోపలి అంచు, యాక్సిల్ బూట్లు (జాయింట్ల మీది రబ్బరు తొడుగులు) చిరిగి గ్రీజు చిమ్మిందేమో చూడండి. చక్రాల బోల్టులు టార్క్ రెంచితో బిగించండి. పోలోకి 120 న్యూటన్ మీటర్లు. మిగతా బండ్లకు మాన్యువల్లో ఉన్న అంకె. ఓ యాభై కిలోమీటర్లు వెళ్ళాక ఆగి ఇంకోసారి చూసి, అప్పుడు నెల్లూరు దారి పట్టండి.